భోజనం ఒంటిగంటా తొమ్మిదికి

మా మామయ్యగారు టైంటేబుల్ వెయ్యకుండా తుమ్మరు. వెక్కిరింపు కాదు, నిజం. ఒకసారి జలుబు చేసినప్పుడు మంచం పక్క గోడకి కాగితం అంటించుకున్నారు: ఆవిరి 7.10, మాత్ర 7.25, తుమ్ములు 7.30 నుంచి 7.40. తీరా 7.41కి ఇంకో తుమ్ము వచ్చింది. పాపం, తుమ్ముని ఒక్క మాట అనలేదు. "ఒక నిమిషం తక్కువేశాను," అని తననే తిట్టుకున్నారు.

ముప్పై మూడేళ్ళు ఆయన బస్సు డిపోలో టైంటేబుళ్ళు వేశారు. ఏ బండి ఎన్నింటికి కదలాలి, ఏ స్టాపులో ఎంతసేపు ఆగాలి, ఏ డ్రైవరు ఎప్పుడు టీ తాగాలి, అంతా ఆయన పెన్సిలు చెప్పినట్టే జరిగేది. రిటైరయ్యాక డిపో ఆయన్ని వదిలింది గానీ ఆయన డిపోని వదల్లేదు. బస్సులు దొరక్క మా మీద పడ్డారు.

ఆయన టైంటేబుల్ని ఎక్కడ చూసినా గుర్తుపట్టొచ్చు. అందులో గుండ్రటి అంకె ఉండదు. ఊరంతా ఎనిమిదింటికి తింటే మేం 8.04కి తింటాం. "ఎనిమిదింటికి అంటే ఎవరూ లెక్కచెయ్యరమ్మాయ్, ఎనిమిదిన్నరకి వస్తారు. 8.04 అని చూడు, భయపడి 8.03కే వచ్చి కూర్చుంటారు," అంటారు. పైగా ప్రతి కాగితంలోనూ ఎక్కడో ఒకచోట "ఆగుట" అని రాసి ఉంటుంది. ఆగి ఏం చెయ్యాలో ఉండదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో "9.20 నుంచి 9.26 ఆగుట" అని చూసి, ఆరు నిమిషాలూ వంటగదిలో గరిటె పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. అప్పటికింకా అత్తయ్యగారు ఉన్నారు. నన్ను చూసి నెత్తి కొట్టుకున్నారు. "నీ అమాయకత్వం కూలా! అది నిద్రపోయే టైమే పిచ్చిదానా. ఈ ఇంట్లో నేను కునుకు తీసిందంతా ఆ ఆగుటల్లోనే," అన్నారు.

వీటన్నిటి మీదా ఒక సిద్ధాంతం కూడా ఉంది. "బండి లేటైతే తప్పు బండిది కాదు. టైంటేబుల్ వేసినవాడిది." ఈ సిద్ధాంతం నా పురిటి దాకా వచ్చింది. ఆయన 9.40కని వేశారు. మా అమ్మాయి 9.52కి పుట్టింది. డాక్టరమ్మ బయటికొచ్చి "ఆడపిల్లండీ" అంటే, ఈయన వాచీ చూసుకుని "తప్పు నాదే" అన్నారట. డాక్టరమ్మ బిత్తరపోయి మా ఆయన వంక చూసిందట.

ఆ పిల్లకి మామయ్యగారు పెట్టిన ముద్దుపేరు ఎక్స్‌ప్రెస్. విన్నవాళ్ళందరూ ముసిముసిగా నవ్వేవారు. ఎందుకంటే మా ఎక్స్‌ప్రెస్‌ని ఏం అడిగినా వెంటనే జవాబు రాదు. "నీ పేరేంటమ్మా" అన్నా సరే, పైకప్పు వంక చూస్తుంది, కింది పెదవి కొరుక్కుంటుంది, అప్పుడు చెబుతుంది. దీనికి పదకొండు సెకన్లు పడతాయి. కొలిచింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. చెప్పిందాంట్లో మాత్రం తప్పుండదు. కానీ పదకొండు సెకన్ల ఓపిక లోకంలో ఎవరికుంది? బళ్ళో టీచరు నాలుగు సెకన్లు చూసి పక్కపిల్లని అడిగేది. రెండేళ్ళు అలా గడిచాక మా పిల్ల జవాబులు వెతుక్కోవడమే మానేసింది. బడి బస్సు హారన్ వినబడితే కడుపునొప్పి అనేది. ఏడాది చివర రిపోర్టులో "జవాబు చెప్పదు" అని రాసి పంపారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం మానేసి, పిల్లకి ఇంట్లోనే చదువు మొదలుపెట్టాను. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. తీగ తెగితే ఏమవుతుందో అనే ఆలోచనతోనే ఆయన బతుకు గడుస్తుంది. "ఒక్క ఏడాది. ఆ తర్వాత చూద్దాం," అన్నారు.

ఏడాది ఇట్టే అయిపోయింది. బడి నుంచి మళ్ళీ చేర్చుకునే ఫారం వచ్చింది. సరిగ్గా అప్పుడే మా ఊళ్ళో మొట్టమొదటిసారిగా, ఇంట్లో చదువు చెప్పుకునే కుటుంబాల సదస్సు పెడుతున్నారని తెలిసింది. పెద్దలకి ప్రసంగాలు, పుస్తకాల దుకాణాలు, వాటితోపాటు పిల్లల టేబులు. ఒక్కో పిల్లా తను చేసిన వస్తువు తెచ్చి, దాని గురించి అందరి ముందూ చెప్పాలి. ఆ సదస్సు శనివారం. ఫారానికి ఆఖరి రోజు సోమవారం.

మా ఆయన రెండు తేదీలూ చూసి ఒక మాట అనేశారు. "పిల్ల ఆ టేబులు దగ్గర నిలబడి నాలుగు ముక్కలు చెప్పిందా, ఇంట్లోనే చదువుకోనీ. చెప్పలేదనుకో, సోమవారం పొద్దున్నే ఫారం ఇచ్చేస్తాను. రేపు మనం లేని చోట కూడా ఇది నోరు విప్పాలి కదా?"

కోపంతో అన్న మాటైతే పోట్లాడేదాన్ని. భయంతో అన్నారు. అందుకే ఆ షరతుకి తలూపాను. ఆ ఫారాన్ని ఆయన స్పూన్ల డ్రాయర్లో పెట్టారు. తొమ్మిది వారాలపాటు స్పూను తీసినప్పుడల్లా అది కనిపించేది, డ్రాయరు దడాలున మూసేసేదాన్ని.

ఇక్కడ నా గుట్టు కూడా ఒకటి విప్పాలి. టీచరు నాలుగు సెకన్లకి మించి ఆగలేదని ఊరంతా చెప్పుకున్న నేను, ఐదు సెకన్లు దాటి ఆగలేను. పిల్లని ఎవరైనా ప్రశ్న అడిగితే, దాని మొహం చూస్తూ నిలబడటం నా వల్ల కాదు. "నీకేం రంగు ఇష్టం పాపా?" అంటే "దానికి పచ్చరంగండీ," అని నేనే చెప్పేస్తాను. తీరా దానికి ఇష్టం నీలం.

సదస్సు సంగతి వినగానే మామయ్యగారికి పదేళ్ళ వయసు తగ్గింది. పెన్సిళ్ళు చెక్కుకున్నారు. "తొమ్మిది వారాలే ఉంది. ముందు ఖాళీ బండి నడిపి చూడాలి," అన్నారు.

"ఖాళీ బండేంటి నాన్నా?" అన్నారు మా ఆయన.

"కొత్త రూటు తెరిచేముందు ప్యాసింజర్లు లేకుండా ఒకసారి నడుపుతాంరా. గుంతలెక్కడో, మలుపులెక్కడో తెలుస్తుంది. వచ్చే శనివారం హాలుకి వెళ్తున్నాం. అందరం. సదస్సు బట్టల్లో."

"ఆ రోజు అక్కడ సదస్సు లేదు కదండీ!" అన్నాను.

"అందుకే ఖాళీ బండి అన్నాను."

ఆ శనివారం మంచి బట్టలు కట్టుకుని, సదస్సులో కొనబోయే పుస్తకాల బరువుకి సరిపడా పాత పేపర్లు సంచుల్లో కూరుకుని, రెండు బస్సులు మారి హాలుకి చేరాం. ఆ రోజు అక్కడ నీళ్ళ పంపుల డీలర్ల సమావేశం జరుగుతోంది. వెనక్కి వెళ్ళిపోదామని నేను అనేలోపే గుమ్మంలో ఒకాయన మా నలుగురి నెత్తినా నాలుగు పంపు బొమ్మల టోపీలు పెట్టేశాడు. లోపలికి తోసేశాడు.

మామయ్యగారు జేబులోంచి స్టాప్‌వాచీ తీశారు. మెట్లు లెక్కపెట్టారు. కుర్చీలోంచి స్టేజీకి ఎన్ని అడుగులో మా ఆయన్ని నడిపించి కొలిచారు. నాలుగు అడుగులు వేసేసరికి ఎవరో మా ఆయన్ని ఉత్తమ డీలరు అనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన అలాగే పక్క తలుపులోంచి బయటికి వెళ్ళిపోయారు.

"అమ్మాయ్, నువ్వెళ్ళి బాత్రూం క్యూలో నిలబడు. ఎంతసేపు పడుతుందో చూడాలి," అన్నారు నాతో.

"నాకు అవసరం లేదు మామయ్యగారూ."

"అవసరం ఉన్నవాళ్ళు సరిగ్గా లెక్కపెట్టలేరమ్మా."

వెళ్ళాను. పంపుల డీలర్లలో ఆడవాళ్ళు ఇద్దరే ఉన్నారేమో, క్యూ అన్నదే లేదు. ఒక్క నిమిషంలో వచ్చేశాను. "ఒక్కసారి చాలదు, సగటు తియ్యాలి," అని మళ్ళీ పంపారు. మళ్ళీ వచ్చాను. మళ్ళీ పంపారు. మూడోసారి పళ్ళు నూరుకుంటూ తిరిగొచ్చేసరికి, ఒక బుర్రమీసాల డీలరు ఎదురుగా మా ఎక్స్‌ప్రెస్ కూర్చుని ఉంది. ఆయన నోటినిండా బిస్కెట్లు ఉన్నాయి. మా పిల్ల ఏదో చెబుతోంది. చేతులు తిప్పుతూ చెబుతోంది!

డీలరు బిస్కెట్లు మింగి నా వంక తిరిగాడు. "నీళ్ళు పైకెక్కాక మళ్ళీ కిందికెందుకు పోవు పాపా అని సరదాకి అడిగానండీ. లోపల తలుపు ఉండుంటుంది అంది. పాతికేళ్ళుగా పంపులమ్ముతున్నాను, కొనేవాళ్ళెవరూ ఇంత బాగా చెప్పలేదు. భలే మాటకారి మీ పాప!"

మాటకారి! ఇంకెవరి పిల్ల గురించో చెబుతున్నాడనుకుని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆయన ఒక చిన్న ఇత్తడి వాల్వు దాని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక నాకో కొత్త తలనొప్పి మొదలైంది. సదస్సు కోసం నేను దానిచేత గ్రహాల బొమ్మ చేయిస్తున్నాను. అప్పటికి బృహస్పతి దాకా రంగులు పూర్తయ్యాయి. ఎక్స్‌ప్రెస్ ఆ గ్రహాలన్నిటినీ మంచం కిందికి దొర్లించేసి, నీళ్ళ సీసా, ప్లాస్టిక్ గొట్టం, రెండు గోళీలు ముందేసుకుని కూర్చుంది. చేతిపంపు చేస్తుందట. గొట్టం లాగితే గోళీ లేచి నీళ్ళు పైకి రావాలి, వదిలితే గోళీ కూర్చుని నీళ్ళని ఆపాలి. నెల రోజులపాటు మా ఇంట్లో పొడిగా ఉన్న చాప లేదు.

సదస్సు ఇంకో నాలుగు రోజులుందనగా మామయ్యగారి టైంటేబుల్ ఫ్రిజ్ మీద వెలిసింది. మూడు కాగితాలు, డెబ్భై ఒక్క గీతలు. ఫోను ఛార్జింగుకి టైముంది, చెప్పుల్లో రాయి పడితే తీసుకోవడానికి టైముంది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాను. సదస్సువాళ్ళు చెప్పిన లెక్క ప్రకారం పిల్లల టేబులు 11.30కి మొదలు. పిల్లకి మూడు నిమిషాలు. మాది తొమ్మిదో నంబరు. అంటే 11.54కి పిలవాలి. ఈయన "12.02 ఎక్స్‌ప్రెస్" అని రాశారు. దాని పక్కనే "12.02 అమ్మాయి: మంచినీళ్ళు" అని ఉంది. అమ్మాయి అంటే నేను.

తుమ్ములూ పురుళ్ళూ పక్కన పెడితే, పన్నెండేళ్ళ కాపురంలో ఆయన లెక్క తప్పడం అదే మొదటిసారి. వేరే రోజైతే మిఠాయిలు పంచేదాన్ని. ఆ రోజు మాత్రం పరుగున ఆయన దగ్గరికి వెళ్ళాను.

"మామయ్యగారూ, ఎనిమిది నిమిషాలు తేడా వచ్చింది. 11.54 కదా?"

"ఉండనీ అమ్మా."

"ఉండనీ అంటే ఎలా? మనం ఎక్కడో టీ తాగుతుంటే పిల్ల నంబరు దాటిపోతే? సోమవారం ఫారం..."

"ఉండనీ అన్నాను కదా," అని పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నారు.

మా ఆయన నన్ను పక్కకి పిలిచారు. "నాన్నకి వయసైపోతోంది. ఏమీ అనకు," అన్నారు. ఇద్దరం అలాగే డ్రాయరు దగ్గర నిలబడ్డాం. ఈ మధ్య వారానికి రెండుసార్లు మామయ్యగారు "పనుంది" అని గొడుగేసుకుని ఎక్కడికో వెళ్ళి వస్తున్నారు. అది కూడా గుర్తొచ్చి నాకు దిగులు ఇంకా ఎక్కువైంది.

శనివారం రానే వచ్చింది. హాలు కిటకిటలాడుతోంది. గుమ్మం దగ్గర ఎవరి మోచెయ్యో తగిలి మా పిల్ల సీసా ఒరిగింది. ఒక గోళీ టక్కున జారి, దొర్లుకుంటూ రెండొందల కుర్చీల కిందికి వెళ్ళిపోయింది. నేను చీర దోపుకుని నేలమీద పాకబోయాను. మామయ్యగారు జేబులో చెయ్యి పెట్టి ఇంకో గోళీ తీశారు.

"డిపోలో ఎప్పుడూ ఒక స్పేరు బండి ఉంటుందమ్మా," అన్నారు.

11.54 అయింది. ఇంకా ఏడో పిల్లాడే టేబులు దగ్గరున్నాడు. గాలిపటం పట్టుకుని, చెప్పాల్సింది మర్చిపోయి బిక్కమొహం వేశాడు. ఎవరూ గంట కొట్టలేదు, ఎవరూ అందివ్వలేదు. కాసేపటికి వాడికే గుర్తొచ్చి గడగడా చెప్పేశాడు. నేను వాచీ చూసుకున్నాను. ఎనిమిదో పిల్ల వచ్చింది, వెళ్ళింది. "తొమ్మిది!" అని పిలిచారు. సరిగ్గా 12.02.

మామయ్యగారి వంక చూశాను. ఆయన స్టేజీ వంకే చూస్తున్నారు.

ఎక్స్‌ప్రెస్ సీసా టేబులు మీద పెట్టింది. సదస్సు నడుపుతున్నావిడ, కళ్ళజోడుకి గొలుసు కట్టుకున్న పెద్దావిడ, వంగి అడిగింది. "ఇదేం చేస్తుందమ్మా?"

పిల్ల పైకప్పు వంక చూసింది.

ఒకటి. రెండు. మూడు. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. నాలుగు. ఎవరో దగ్గారు. ఐదు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. "అది చేతిపంపండీ" అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. సరిగ్గా అప్పుడు నా నోటికి ఒక గ్లాసు అడ్డం వచ్చింది.

"మంచినీళ్ళు. టైంటేబుల్లో ఉంది," అన్నారు మామయ్యగారు గుసగుసగా. "నోట్లో పోసుకో. ఇప్పుడే మింగకు."

పోసుకున్నాను. ఏడు. ఎనిమిది. బుగ్గలు బూరెల్లా పెట్టుకుని, గుడ్లప్పగించి చూస్తున్నాను. స్టేజీ మీద ఆవిడ కూడా చేతులు కట్టుకుని అలాగే నిలబడింది. తొందరపెట్టలేదు. తొమ్మిది. పిల్ల పెదవి కొరుక్కుంది. పది.

"నీళ్ళకి వెనక్కెళ్ళే దారి మూసేస్తుంది," అంది ఎక్స్‌ప్రెస్. "గోళీయే తలుపు. నీళ్ళు కింద నుంచి తోస్తే లేస్తుంది. పైనుంచి తోస్తే కూర్చుంటుంది. లాగి చూపించనా?"

లాగింది. నీళ్ళు చివ్వున పైకి లేచి పెద్దావిడ కళ్ళజోడు మీద పడ్డాయి. హాలంతా గొల్లుమంది. పిల్ల కూడా నవ్వింది. ఆపైన ఒకరు అడిగారు, ఇంకొకరు అడిగారు. ప్రతిదానికీ పైకప్పు చూసింది, పెదవి కొరుక్కుంది, చెప్పింది. మా ఆయన నా చెయ్యి వదిలేసి రెండు చేతులతో చప్పట్లు కొట్టారు. కళ్ళు తుడుచుకోవడం మాత్రం మర్చిపోయారు. నేను ఎట్టకేలకు నీళ్ళు మింగాను.

టేబులు కార్యక్రమం ముగిసి బయటికి వస్తుంటే తలుపు మీద అంటించిన అచ్చు కార్యక్రమం కంటబడింది. "పిల్లల టేబులు 11.30. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు (చెప్పుట 3, ఆగుట 1)." దాని కింద: "భోజనం 1.09."

1.09! భూప్రపంచంలో భోజనాన్ని ఒంటిగంటా తొమ్మిదికి పెట్టే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఇరవై నలుగురు పిల్లలు, ఇరవై నాలుగు నిమిషాలు. పన్నెండూ ముప్పావుకి ఉండాల్సిన భోజనం అక్కడికి జరిగిందన్నమాట.

పెద్దావిడ కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చింది. "ఈయన మీ ఇంటి పెద్దాయనా? నాలుగుసార్లు మా ఇంటికొచ్చారండీ. మధ్యలో ఆగుట లేని టైంటేబుల్ ముప్పై మూడేళ్ళలో చూడలేదు, బళ్ళు గుద్దుకుంటాయి అన్నారు. పిల్లలు బళ్ళు కాదు కదండీ అన్నాను. కాదు కాబట్టే ఇంకా ఎక్కువ ఆగాలి అన్నారు. ఈ పిల్లల్లో ఆయన మనవరాలు కూడా ఉందని ఒక్క మాటైనా చెప్పలేదు!"

గొడుగేసుకుని వెళ్ళిన పనేమిటో నాకు అప్పుడు అర్థమైంది. మూడుసార్లు నన్ను పిల్ల పక్కనుంచి బాత్రూం క్యూకి ఎందుకు తరిమారో కూడా అర్థమైంది. సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది.

"నాకెందుకు చెప్పలేదు మామయ్యగారూ?"

"చెబితే రోజుకి పదిసార్లు ప్రాక్టీసు చేయించేదానివి. ఎక్స్‌ప్రెస్‌ని నెట్టకూడదమ్మా."

"అసలు దానికి ఎక్స్‌ప్రెస్ అని ఎందుకు పెట్టారండీ?"

"ఎక్స్‌ప్రెస్ ఎక్కడపడితే అక్కడ ఆగదు. ఆగాల్సినచోట ఆగుతుంది, చేరాల్సినచోటికి చేరుతుంది. చేతులెత్తి కేకలేసేవాళ్ళ కోసం ఆగేది వేరే బండి."

భోజనాల వరసలో ఒక బొద్దుపాటి తండ్రి ఆకలితో మండిపడుతున్నాడు. "ఒంటిగంటా తొమ్మిదేంటండీ, తొమ్మిది! పేగులు అరుస్తున్నాయి. ఎవడండీ ఇది వేసిన మహానుభావుడు?"

మామయ్యగారు వరసలోంచి చెయ్యెత్తారు. "నేనేనండీ. ఆకలి మీ తప్పు కాదు. టైంటేబుల్ వేసినవాడిదే తప్పు," అని తన ప్లేటు ఆయన చేతిలో పెట్టి, వరస చివరికి వెళ్ళి నిలబడ్డారు. ఆ పక్కనే గాలిపటం కుర్రాడి తల్లి తన ప్లేటులోని రొట్టె సగం తుంచి ఈయనకిచ్చింది. "మావాడికి దొరికిన నిమిషానికి," అంది.

తిరుగు బస్సులో సంచుల్లో ఈసారి నిజం పుస్తకాలున్నాయి. పిల్ల తాతయ్య భుజం మీద తల ఆనించుకుని కూర్చుంది. నేను ఇక ఉండబట్టలేకపోయాను. "ఏమండీ, సోమవారం మరి? ఆ ఫారం?"

మా ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. ఒక సెకను, రెండు, నాలుగు, ఐదు. నా నోరు మళ్ళీ తెరుచుకుంది.

"అమ్మా, ఉండు," అంది ఎక్స్‌ప్రెస్. "నాన్న ఆగుటలో ఉన్నాడు."

మామయ్యగారు సీసాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంపి అందించారు. నేను నోరు నింపుకున్నాను. బస్సు ఒక మలుపు తిరిగింది.

"ఆ డ్రాయర్లో స్పూన్లకి చోటు చాలట్లేదు," అన్నారు మా ఆయన చివరికి. "ఆ ఫారం తీసి పారెయ్."

మామయ్యగారు వాచీ చూసుకున్నారు. "పద్నాలుగు సెకన్లు," అని తృప్తిగా తల ఊపారు. "చిన్నప్పుడు వీడికి పద్దెనిమిది పట్టేవి. ఆగుట రాయడం నేర్చుకున్నది వీడి వల్లే. ఇప్పుడు చాలా మెరుగు."

నోట్లో నీళ్ళున్న సంగతి మర్చిపోయి ఫక్కున నవ్వాను. ముందు సీటాయన చొక్కా వీపంతా తడిసిపోయింది. డెబ్భై ఒక్క గీతల్లో అదొక్కటే లేదు.